బోణీ చెయ్యి

నిమ్మకాయలమ్మే ముసలావిడ మా అమ్మాయి మణికట్టు పట్టుకుని, అరచెయ్యి వెల్లకిలా తిప్పి చూసింది. నాకు భయమేసింది సరిగ్గా అప్పుడే. నిన్న శనివారం పొద్దున్న, రాజమండ్రి పాత మార్కెట్టులో, సగం కొట్లవాళ్ళు ఇంకా పరదాలైనా ఎత్తని వేళ. మోటారు సైకిలేదీ మీదికి రాలేదు, కుక్క వెంటపడలేదు, పిల్లలు జనంలో తప్పిపోలేదు. నేను మామూలుగా భయపడేది వీటికే. వీటికోసం ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే సిద్ధమై ఉంటాను. మా ఆయన నన్ను వెక్కిరించేదీ అందుకే. కాని ఈ భయం వేరు. ఆవిడ అరచెయ్యి చూసి, పక్కన కొత్తిమీర కట్టలు విప్పుతున్న ఆవిణ్ణి కేకేసింది. "ఒసే, ఈ పిల్ల చెయ్యి చూడవే, ఎంత చల్లగా ఉందో! బోణీకి దేవుడు పంపినట్టు పంపాడు." మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. దాని చెయ్యి గురించి ఎవరైనా అంత గొప్పగా చెప్పడం అదే మొదలు. మొహం మతాబులా వెలిగిపోయింది. ఆ వెలుగు నాకు బాగా తెలుసు. దాదాపు ఆ వయసులోనే, ఆ వరసలోనే, ఆ మాటకే, ఆ మనిషే అంటే, నా మొహమూ అలాగే వెలిగింది. ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. నేను మాత్రం ఆ గొంతు వినగానే పట్టాను.

మేము అక్కడికి వెళ్ళడానికి కారణం మా కాలేజీ స్నేహితుల వాట్సాప్ గ్రూపు. పాత మార్కెట్టు పడగొట్టి కొత్తది కడతారని ఈమధ్య ఊళ్ళో అనుకుంటున్నారు. కడతారో లేదో తెలియదు కాని, గ్రూపులో అప్పుడే సంతాపసభ మొదలైంది. ఒకావిడ బుట్టెడు బచ్చలికూర ఫొటో పెట్టి దానికింద వరసగా ఏడుపు బొమ్మలు పెట్టింది. ఇంకొకాయన "ఆ మనుషులు, ఆ ఆప్యాయతలు మళ్ళీ రావు" అని రాశాడు. ఆయన ఆ మార్కెట్టులో కాలుపెట్టిన మనిషి కాదని నాకు తెలుసు. వాళ్ళింటికి కూరలు పనిమనిషి మోసుకొచ్చేది. ఆప్యాయతలట! నాలుగు రోజులు చదివి ఊరుకున్నాను. ఈ లోపల మా ఆయన, భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో పని ఆయనకి, వారాంతానికి ఇంటికి వస్తూనే "పోయాక ఎలాగూ చూపించలేం, పిల్లలకి ఒకసారి చూపిద్దాం. నువ్వు పెరిగిన చోటేగా" అన్నాడు. నేనెప్పుడూ అది పెరిగిన చోటనలేదు. ఒక ఏడాది ఉన్న చోటు. ఆ ఏడాది గురించి ఆయనకి చక్కెరకేళి అరటిపళ్ళ సంగతీ, మా మేనత్త నోటి దురుసు సంగతీ తప్ప ఏమీ చెప్పలేదు. పళ్ళూ తిట్లూ కలిపి చెబితే ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది.

మా అమ్మ టీచరు ట్రైనింగుకి కాకినాడ హాస్టల్లో చేరిన ఏడాది అది. మా నాన్న కడియం నర్సరీల మొక్కలు లారీకెత్తుకుని నాగపూర్ అనీ, పూనా అనీ తిరిగేవాడు. వస్తే రెండు రోజులుండేవాడు, గులాబీ మొక్కల తడిమట్టి వాసన వేసేవాడు, మళ్ళీ వెళ్ళిపోయేవాడు. అందుకని నన్ను మా మేనత్త దగ్గర పెట్టారు. ఆవిడకి పిల్లల్లేరు, మొగుడు పోయాడు, పాత మార్కెట్టులో అరటిపళ్ళ కొట్టుంది. కొట్టంటే తలుపులూ గోడలూ ఏం లేవు. అడ్డంగా కట్టిన దూలానికి వేలాడే గెలలు, కింద గోనెపట్టా, గోనెపట్టా మీద మా అత్త, అత్త చేతిలో కొడవలి. చక్కెరకేళి, కర్పూరం, అమృతపాణి, ఆఖర్న కూరరటి. గెలలు మగ్గేసే గదిలో పొగవాసన ఆవిడ చీరలకి పట్టేసి చర్చికి వెళ్ళినా వదిలేది కాదు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని, దేవుడొక్కడే దిక్కని అందరికంటే గట్టిగా పాడే మా అత్త, సోమవారం తెల్లవారేసరికి బోణీని నమ్మేది. ఈ రెంటికీ మధ్య ఆవిడకి ఇబ్బందేమీ కనపడలేదు. ఆదివారం ఒకరి డ్యూటీ, మిగతా రోజులు ఇంకొకరి డ్యూటీ అన్నట్టుండేది.

నా చెయ్యి మంచిదని కనిపెట్టింది మాత్రం మా అత్త కాదు, ఎదురుగా కూర్చునే నిమ్మకాయలావిడ. నేను మొదటిసారి కొట్టు దగ్గరికి వెళ్ళిన రోజు అత్త ఒక గెల విప్పుతూ ఉంటే, ఎవరో వచ్చి పళ్ళడిగారు. గెలనుంచి కోసిపెట్టిన అత్తం, అంటే డజను పళ్ళ గుత్తి, ఒకటి తీసి నేనే ఇచ్చాను. ఆ రోజు మధ్యాహ్నానికి దూలానికి ఉత్త కాడలు మిగిలాయి. బహుశా ఊళ్ళో ఏవో పెళ్ళిళ్ళుండి ఉంటాయి. నిమ్మకాయలావిడ సాయంత్రం వచ్చి నా చెయ్యి తిప్పి చూసింది. "వదినా, అది నీ బేరం కాదు, నీ కోడలి చెయ్యి" అంది. మర్నాటి నుంచి నేను ఆ వరస మొత్తానికి బోణీ చేసే మనిషినైపోయాను. వాళ్ళ నాణెమే నా చేతిలో పెట్టేవారు. దాంతో నేను వాళ్ళ దగ్గరే ఒక నిమ్మకాయో, గుప్పెడు పచ్చిమిరపకాయలో కొనాలి. ఆ నాణెం తిరిగి తీసుకుని కళ్ళకద్దుకుని, తక్కెడకి తాకించి, గోనెకింద పెట్టుకునేవారు. కొన్నది నాకే ఇచ్చేసేవారు. ఇంత చక్కటి వ్యాపారం నేను తర్వాతెక్కడా చూడలేదు. తేగముక్క ఒకరు, పచ్చిమామిడి బద్ద ఒకరు. ముందు నా కొట్టుకి రావాలంటే నా కొట్టుకని దెబ్బలాడుకునేవారు. మా అత్త ఎవరి తర్వాత ఎవరో వరస కట్టి పంపేది. దాని ఫలితంగా ఆవిడకి టీ తనంతట తనే వచ్చేది, ఆవిడ లేచి వెళ్తే కొట్టు ఎవరో ఒకరు చూసేవారు, చిల్లర ఎప్పుడూ దొరికేది. నాకు తలకెక్కింది. స్కూల్లో లెక్కలు రాకపోయినా బాధుండేది కాదు. నా చెయ్యే చాలనుకునేదాన్ని.

వరస చివర పనసపొట్టు కొట్టే ఆయన కూర్చునేవాడు. పచ్చి పనసకాయని పెద్ద కత్తితో, చూపు కిందికి దించకుండా, సన్నగా తురిమినట్టు కొడతాడు. కొడుతూ కబుర్లు చెబుతాడు, దారినపోయే వాళ్ళని పలకరిస్తాడు, ఎప్పుడైనా పాడతాడు. కత్తి చప్పుడు మాత్రం తాళం తప్పదు. "ఏం కోడలమ్మా, ఇవాళ చెయ్యి కడుక్కునే వచ్చావా?" అని రోజూ అదే వేళాకోళం. ఆ రోజు నేను బోణీ చేశాను. నాణెం కళ్ళకద్దుకున్నాడు. అవతల వరసలో ఎవరో గొడవపడుతుంటే మెడ సాచి అటు చూస్తూ, నన్ను కూడా చూడమని గడ్డంతో సైగ చేస్తూ, కత్తి వేశాడు. చప్పుడు మారింది. నేను తిరిగి చూసేసరికి తెల్లటి పొట్టు మీద ఎరుపు. బొటనవేలు సగం తెగింది. తువ్వాలు చుట్టి ఎవరో బండి మీద ఎక్కించుకుపోయారు. నేను అక్కడే నుంచున్నాను. నా చేతిలో ఆయనిచ్చిన పొట్టు పొట్లం ఇంకా అలాగే ఉంది. అప్పుడు నిమ్మకాయలావిడ, ఎవర్నీ చూడకుండా, అందరికీ వినపడేలాగా అడిగింది. "ఇవాళ ఈయనకి బోణీ చేసిన చెయ్యి ఎవరిది?"

ఆ వరసలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. మార్కెట్టుని తలుచుకుని మురిసిపోయేవాళ్ళు ఎప్పుడూ దాని సందడే రాస్తారు. దాని నిశ్శబ్దం ఎలా ఉంటుందో నన్నడగండి. అందరూ నా మొహం చూడలేదు, నా చెయ్యి చూశారు. మర్నాడు నేను వరసలోంచి నడుస్తుంటే ఒక్కొక్కరే సరుకు మీద గోనె లాక్కున్నారు, కోడిపిల్లల మీద గద్ద నీడ పడ్డట్టు. వంకాయలు ఆరిపోతాయని నీళ్ళు చల్లే నెపంతో నా ముందు దారిలో నీళ్ళు పోశారు. "బోణీ కాలేదు, అటునుంచి వెళ్ళమ్మా" అన్నారు. అమ్మా అని మర్యాదగానే అన్నారు. మన వైపు ఎంత చేదు మాటకైనా చివర ఒక అండీనో అమ్మానో తగిలిస్తారు కదా. నిమ్మకాయలావిడకి ఆ వారం సరుకు కొంత మచ్చలు పడింది. అది కూడా నా ఖాతాలోకే వచ్చింది. మా అత్త కొంగు బిగించి వరస మధ్యలో నుంచుంది.

"నీ కాయలు మచ్చలు పడితే నా కోడలి చెయ్యంటే? నీ మొహం రోజూ చూసి చూసి పడుంటాయి!"

"నోరు అదుపులో పెట్టుకో. పచ్చగా ఉన్న వరసలోకి తెచ్చిపెట్టావు ఆ పిల్లని."

"తెచ్చింది నేను. చెయ్యి అడుక్కుంది నువ్వు. పొద్దున్నే 'వదినా, వదినా, పిల్లని పంపవా' అని దేబిరించింది ఎవరే?"

ఆ పూటకి మా అత్తే గెలిచింది. కాని మార్కెట్టులో తిట్లతో గెలిచినవాళ్ళకి మిగిలేదేం లేదు. ఆ మర్నాటినుంచి ఆవిడకి చిల్లర దొరకలేదు. ఆవిడ లేచి వెళ్తే కొట్టు చూసేవాళ్ళు లేరు. ఇది చిన్న విషయంలా కనపడుతుంది. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా గోనె మీద కూర్చునే ఆడమనిషికి పక్క కొట్టు మనిషి చూపు ఎంత అవసరమో ఆలోచించండి. అవతలికి వెళ్ళాల్సి వస్తుందని మా అత్త ఎండాకాలంలో మంచినీళ్ళు తాగడం మానేసింది. పెదాలు పగిలిపోయేవి. నన్ను ఇంట్లో వదిలెయ్యమని ఏడ్చాను. చర్చి పక్కన మామ్మగారి దగ్గర ఉంటానన్నాను. ఒప్పుకోలేదు. "నువ్వు రాకపోతే వాళ్ళన్నది నిజమైపోద్ది" అంది. రోజూ తెల్లవారేసరికి నన్ను కొట్టు ముందు నిలబెట్టి, నా చేతే మొదటి అత్తం ఇప్పించి, "మా పిల్ల బోణీ, మంచి బోణీ!" అని ఎదురు వరసకి వినపడేలా అరిచేది. అది నామీద ప్రేమో, వాళ్ళమీద పంతమో నాకిప్పటికీ తెలియదు. నాకు మాత్రం జెండా కర్రలా అనిపించేది. జెండా ఎవరిదైనా ఎండలో నుంచునేది కర్రే. ఆ విషయంలో మా అత్త మీద కోపం ఆవిడ పోయాక కూడా పూర్తిగా పోలేదు.

అసలు కోపం మాత్రం అత్త మీదా కాదు, నిమ్మకాయలావిడ మీదా కాదు. పనసపొట్టాయన మీద. కొన్నాళ్ళకి వేలికి కట్టుతో మళ్ళీ వచ్చాడు. ఒక మధ్యాహ్నం మార్కెట్టు వెనక కుళాయి దగ్గర నేను చెంబు కడుగుతుంటే వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. వంగి, నా చెవి దగ్గర, "నీ తప్పేం లేదమ్మా. నేనే దిక్కులు చూస్తూ కొట్టాను. కత్తి నాది, తొందర నాది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "మరి అక్కడ చెప్తారా?" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. "ఎందుకులేమ్మా. వాళ్ళతో రోజూ ఉండాలి కదా" అన్నాడు. జేబులోంచి ఆకులో చుట్టిన పండు పనసతొన ఒకటి తీసి ఇచ్చాడు. నేను తిన్నాను. తియ్యగా ఉంది. ఆ తియ్యదనం గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన వెళ్ళి తన చోట కూర్చున్నాడు. కత్తి చప్పుడు మొదలైంది. నిమ్మకాయలావిడ ఏదో అంటే నవ్వాడు కూడా. నేను వరసలోంచి తిరిగి వస్తుంటే, గోనెలు మళ్ళీ సరుకు మీదికి వచ్చాయి. ఆయన తల ఎత్తలేదు.

ఏడాది అయ్యాక అమ్మ ట్రైనింగు పూర్తిచేసుకుని నన్ను తీసుకుపోయింది. నేను చదువుకున్నాను. బోణీ, ఎదురు రావడం, హస్తవాసి, ఇవన్నీ వట్టి మాటలని నాకు బాగా తెలుసు. ఎవరడిగినా వివరంగా చెప్పగలను. కాని పక్కింటివాళ్ళ గృహప్రవేశానికి పాలు పొంగించమంటే తలనొప్పని వచ్చేశాను. పరీక్ష హాల్లో ఎవరికీ పెన్ను అరువివ్వలేదు. మా పిల్లలిద్దరికీ మొదటి అన్నం ముద్ద నేను పెట్టలేదు. సరిగ్గా ఆ సమయానికి పొయ్యి మీద ఏదో ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళి, మా ఆయన తల్లి చేత పెట్టించాను. ఆవిడ ఇప్పటికీ తనకిచ్చిన గౌరవం అనుకుంటూ చుట్టాలకి చెబుతుంది. చెప్పనీండి.

ఇక నిన్నటి సంగతి. మా అమ్మాయి చెయ్యి చూసి ముసలావిడ మెచ్చుకోగానే, ఆరేళ్ళ మా అబ్బాయి కూడా ముందుకి తోసుకొచ్చాడు. "నాది చూడండి మామ్మా" అని చెయ్యి చాపాడు. వాడిది ఎడంచేతి వాటం. ఆ చేతిలో అప్పటికే ఒక నిమ్మకాయ ఉంది. "ఎడంచెయ్యా! తియ్యి బాబూ, తియ్యి. బోణీ కాలేదింకా" అంది. వాడి చేతిలోంచి కాయని రెండు వేళ్ళతో తీసి, వెనక ఉన్న డబ్బాలో విడిగా వేసి, వేళ్ళు చీరకి తుడుచుకుంది. వాడు తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు, ఏమైనా అంటుకుందేమోనని. నేను "పిల్లాడితో అలా అనకండి" అన్నాను. అన్నానని నేననుకున్నాను. "ఏంటమ్మా?" అని ఆవిడ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. కొత్తిమీరావిడ కూడా చూసింది. నా నోట్లోంచి "ఏం లేదండీ" అని వచ్చింది. పిల్లల్ని లాక్కుని బయటికొచ్చాను. అదంతా మా ఆయన ఫోన్లో వీడియో తీస్తూనే ఉన్నాడు. ఆటోలో కూర్చుని, "భలే మనిషి కదా ఆవిడ, పాతకాలం" అన్నాడు. గ్రూపులో పెట్టమన్నాడు కూడా.

మధ్యాహ్నానికి అది ఇంట్లో ఆట అయింది. మా అమ్మాయి సోఫాలో కాళ్ళు మడిచి కూర్చుని, "నాది బోణీ చెయ్యి. రిమోట్ నేనే ముట్టుకోవాలి" అంది. వాడు ముట్టుకున్నదల్లా రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టి, వేళ్ళు గౌనుకి తుడుచుకుంది. తుడుచుకోవడం అచ్చం ఆవిడలాగే వచ్చింది. వాడికి మొదట నవ్వొచ్చింది. కావాలని అన్నీ ముట్టుకుంటూ పరిగెత్తాడు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. సాయంత్రానికి వాడు నవ్వడం మానేశాడు. అన్నాల దగ్గర చూస్తే కుడిచేత్తో తింటున్నాడు. పప్పన్నం నోటి దాకా వెళ్ళేలోపల సగం ఒళ్ళో పడుతోంది. ఎడంచెయ్యి తొడ కింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాడు. "మంచిదేగా, అలవాటైపోతుంది" అన్నాడు మా ఆయన. నేను కంచం ముందునుంచి లేచిపోయాను. "నీకు ప్రతిదీ పెద్దదే" అని ఆయనా లేచి వచ్చాడు. అప్పుడు చెప్పాను, అరటిపళ్ళూ తిట్లూ కాకుండా మిగతాదంతా. ఆయన ఫోన్ తీసి ఆ వీడియో మళ్ళీ చూశాడు. అందులో నేను పెదాలు కదపడం కనపడుతోంది, మాట మాత్రం వినపడట్లేదు. "నువ్వేమన్నావు ఇక్కడ?" అని అడిగాడు.

ఏమన్నానో ఆయనకి చెప్పాను. పడుకున్నాక చాలాసేపు మా అత్త గుర్తొచ్చింది, పగిలిన పెదాలతో వరసకి వినపడేలా అరుస్తూ. నేనూ పిల్లల్ని జెండా కర్రలు చేస్తానేమోనన్న అనుమానం ఉంది, ఇప్పుడు వీళ్ళు నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నప్పుడూ ఉంది. ఉన్నా సరే, ఇవాళ ఆదివారం పొద్దున్న లేవగానే ఇద్దరినీ పిలిచి, మా అబ్బాయి ఎడంచెయ్యి నా చేతిలోకి తీసుకుని ఈ మాట చెప్పాను:

"మీ ఇద్దరి చేతుల్లోనూ మంచీ లేదు, చెడూ లేదు. గోళ్ళలో కాస్త మట్టుంది, అంతే. నా చిన్నప్పుడు నాకూ ఒకాయన ఇలాంటి మాటే చెప్పాడు. కాని ఎవరూ లేనిచోట, చెవిలో చెప్పాడు. అందుకే నేను నమ్మలేకపోయాను. మీకు చెవిలో చెప్పను. చెప్పులేసుకోండి, ఆవిడ దగ్గరికి వెళ్దాం. మీరేం మాట్లాడక్కర్లేదు, భయమేస్తే నాన్న దగ్గర నుంచోండి. నేను మాట్లాడతాను, వరసంతా వినేలాగా. చర్చికి ఆలస్యమైతే అవనీండి. ఈ మాటకి ఇప్పటికే చాలా ఆలస్యమైంది."